ఆడని ఆటకు కోచ్

ముంబైలో పెరిగిన వివేక్ రణదివే బాస్కెట్‌బాల్ ఎన్నడూ ఆడలేదు. అయినా కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీలో, తన కూతురున్న 12 ఏళ్ల ఆడపిల్లల జట్టుకు కోచ్‌గా దిగారు.

పిల్లల్లో చాలామందికి డ్రిబ్లింగ్ అంతంతమాత్రం, దూరం నుంచి షాట్ అసలే రాదు. పరుగెత్తడం మాత్రం వచ్చు. గీత అవతలి నుంచి బంతిని లోపలికి అందించడానికి గడువు 5 సెకన్లు, సగం కోర్టు దాటించడానికి 10 సెకన్లు. ఆయన కన్ను ఈ గడువుల మీదే పడింది. వెనక్కి వెళ్లి కాచుకోవడం మాన్పించి, ఆట సాగినంతసేపూ కోర్టు పొడవునా ప్రత్యర్థులను అడ్డగించమన్నారు. ఎదుటి జట్లు బంతి అందక తడబడ్డాయి. ఈ పిల్లలు జాతీయ పోటీల దాకా వెళ్లారు!

ఎదుటి కోచ్‌లకు కోపమొచ్చింది. షాట్ నేర్చుకోవాల్సిన వయసు కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ ఆట సరిగా రాదని ఆ పిల్లల్ని బెంచీకి పరిమితం చేయకుండా, వచ్చిన పరుగుతోనే గెలిపించారు చూడండి, అది నాకు ఎంతో నచ్చింది.

2013లో ఆయన పెట్టుబడిదారుల బృందం ఎన్‌బీఏ జట్టు శాక్రమెంటో కింగ్స్‌నే కొనేసింది.