పిల్లకిటికీలు

వడ్డి యను పదమునుండి క్రింది వత్తును తొలగించినచో వడి యగును. అప్పు తీసికొన్నవారికి ఈ రెండింటికిని సంబంధము లేకపోలేదు గాని, పద్దుల యందు ఒకదానికి బదులు మఱియొకటి నిలుచుట తగదు. 2011లో నెల్లూరు జిల్లాలోని మా యూరి మహిళల పొదుపుసంఘమువారి కంప్యూటరు తెరమీద నాకు కనబడినది వడియే. దానికి దిగువ మొత్తము మొతముగను, చెల్లింపు చెలింపుగను ఉండెను. ఆ లెక్కల ప్రోగ్రామును అమ్మినవారు తెలుగు మాటలను చేర్చిరి. తెలుగునకు చోటు మాత్రము చేర్పరైరి.

ఇందలి కారణమును చదువరులకు కొంచెము చెప్పవలెను. విండోసు నందలి డైలాగు పెట్టెల కొలతలు అక్షరముల కొలతలనుండియే పుట్టును. అక్షరముల సగటు వెడల్పులో నాల్గవ పాలు అడ్డుకొలతకు మూలము. ఎత్తులో ఎనిమిదవ పాలు నిలువుకొలతకు మూలము. పేరుపట్టీకి 8 పాళ్ల యెత్తు నిచ్చుట వాడుక. అనగా ఒక ఇంగ్లీషు పంక్తికి సరిపోవునంత. మన యక్షరమునకో, నెత్తిన గుడి, కాళ్లక్రింద వత్తు. 2001 నాటి విండోసు ఎక్స్‌పీతోనే గౌతమి యను తెలుగు అక్షరముల సెట్టు వచ్చియుండెను గనుక అక్షరములు లేవను సాకు లేదు. అవి పట్టుచోటు లేదు, అంతే. అతిథిని పిలిచి గడప యెత్తు తగ్గింపని యింటివంటి దిది.

ఆ ప్రోగ్రాము చేసినవారు అప్పటికే దుకాణము మూసిరి. మూలప్రతి యెవరియొద్దను లేదు. నేను ఉద్యోగరీత్యా ప్రోగ్రాములు వ్రాయువాడను గనుక, దానిని ముట్టకయే వెలుపలనుండి సవరింప బూనితిని. విండోసులో మీటయు, అంకెలు వ్రాయు గడియు, పేరుపట్టీయు ఒక్కొక్కటియు ఒక కిటికీయే. పెద్ద కిటికీ వానికి తల్లి. పండితులు దీనికేదైన సంస్కృతసమాసమును కూర్తురేమో; నేను పిల్లకిటికీ యనియే యందును. ఒక ప్రోగ్రాము వేఱొక ప్రోగ్రాము పిల్లలను జరుపుమని విండోసును కోరవచ్చును. అయితే ముందుగా ఆ పిల్లలు దొరకవలెను గదా!

గెట్‌డైలాగ్‌ఐటం అను పిలుపుతో తల్లిని అడిగితిని. శూన్యము వచ్చినది. ఒక పూట యంతయు నా లెక్కనే శంకించితిని. తుదకు తెలిసినదేమనగా, ఆ పిలుపు తల్లి సొంతబిడ్డలనే వెదకును గాని మనుమలను వెదకదు. ఇచ్చట కిటికీనంతటిని పఱచుకొని యొక పలక యుండెను. మీటలు, పట్టీలు అన్నియు ఆ పలకకు బిడ్డలు. ఎన్యూమ్‌చైల్డ్‌విండోస్ అను పిలుపు మనుమలదాక దిగి యందఱిని వరుసగా చూపినది. అంతట మఱియొక చిక్కు. మీటలకును గడులకును వేర్వేఱు సంఖ్యలు గలవు. పేరుపట్టీల కన్నిటికిని ఒకటే సంఖ్య, మైనస్ 1. నొక్కినచో పలుకునట్టివానికే గుర్తింపు. ఊరక నిలిచి యర్థము చెప్పునట్టివానికి అక్కఱలేదని కాబోలు. పిడి సంఖ్య యందమా, అది ప్రోగ్రామును తెఱచిన ప్రతిసారియు మాఱును. కనుక పట్టీమీది వ్రాతను చదివియే వానిని గుర్తుపట్టితిని.

ఇక జరుపుట. గెట్‌విండోరెక్ట్ నడిగి ప్రతిదాని స్థానమును తెలిసికొని, కొంత కలిపి, సెట్‌విండోపాస్‌కు ఇచ్చితిని. అన్నియు వలసినదానికన్న కొంచెము క్రిందికి దిగెను. ఎందుకో తెలియలేదు. తెలిసికొనుటకు మాఱు నిలువున 30 చుక్కలు తీసివేసి సరిపెట్టితిని. నా బల్లమీద అంతయు చక్కగా కనబడెను. వత్తులతో, గుడులతో వడ్డి నిండుగా నిలిచెను. ఆ సాయంకాలము నాకు కలిగిన గర్వమును ఇప్పుడు తలచిన సిగ్గగును.

మఱునాడు సంఘమువారి వృద్ధగుమాస్తా కిటికీని తెరనడిమికి లాగికొని కూర్చుండెను. గెట్‌విండోరెక్ట్ చెప్పునది తెర మూలనుండి దూరము. సెట్‌విండోపాస్ కోరునది తల్లి లోపలి మూలనుండి దూరము. నా యింట కిటికీ తెర మూలనే యుండుటచే భేదము శీర్షికపట్టీ మందమంతయే. దానినే నేను 30 చుక్కలతో కప్పిపుచ్చితిని. అచ్చట పిల్లలన్నియు కుడివైపునకును క్రిందికిని దూకినవి. తల్లి హద్దు దాటిన పిల్లకిటికీ తెరమీద కనబడదు. "భద్రపఱచు" అను మీట అట్లు మాయమైనది. ఆయన, కొత్త పద్ధతిలో అదియే భద్రపడునేమో యని తలచి, సాయంకాలమున కిటికీ మూసివేసెను. ఆనాడు కట్టిన 14 మంది వాయిదాలు లెక్కలోనికి ఎక్కలేదు.

తరువాతి సమావేశమున బాకీదారుల పేళ్లు చదివిరి. వారిలో ఒక పెద్దమ్మ పేరు వచ్చినది. ఆమె 1990-91లో మా జిల్లాలో సాగిన అక్షరాస్యతోద్యమమున, నడివయస్సులో, రాత్రిబడికి పోయి చదువు నేర్చుకొన్నది. ఎన్నడును వాయిదా తప్పి యెఱుగదు. "కట్టినాను" అని మాత్రము చెప్పి కూర్చున్నదట. నలుగురిలో ఆమె మొగము చూడలేకపోయితినని గుమాస్తా నాతో ననెను. "నాకు చేతకాక కాదు బాబూ, ఆ మీట నాకు కనబడలేదు" అని ఆయనయే క్షమాపణ చెప్పుకొనుచుండగా నాకు నోట మాట రాలేదు.

దిద్దుటకు ఎక్కువ కాలము పట్టలేదు. మ్యాప్‌విండోపాయింట్స్ అను పిలుపు తెరకొలతను తల్లికొలతలోనికి మార్చును. ఆ 30ని కొట్టివేసితిని. తల్లిని ముందు పెంచి, పిమ్మట పిల్లల నందఱిని ఒక్కసారిగా జరిపితిని. కిటికీని తెర నలుమూలలకును లాగి చూచితిని. ఆ పని మొదటనే చేయవలసినది. పిమ్మట రసీదుపుస్తకము ముందుంచుకొని గుమాస్తాయు నేనును 14 పద్దులను మరల నెక్కించితిమి.

నేను చేసిన తప్పును సంఘమువారి యెదుట చెప్పితిని. పెద్దమ్మ విని యూరకుండెను. తరువాత తెరవద్దకు వచ్చి, తన పేరు చూపింపుమని, పట్టీమీద వ్రేలుంచి "వడ్డి" అని కూడబలుకుకొని చదివెను. ప్రక్కనున్న యంకె మీదికి వ్రేలు జరిపి, "ఇది పోయిన నెలది గదా నాయనా" అనెను. చూడగా నిజమే. గుమాస్తా కళ్లద్దములు సవరించుకొని దానిని దిద్దెను.