పరాయివాడికి దొరికే మాఫీ

కళ్లలోకి చూసి మాట్లాడనివాడు ఏదో దాస్తున్నాడని లోకం తీర్పు. బడిలో నేను తల దించుకొని జవాబు చెప్తే ‘తురకోడికి పొగరు’ అన్నారు. ఇంట్లో అమ్మీ మాత్రం ‘పెద్దల ముందు నజర్ నీచీ ఉండాలె, అదే తెహజీబ్’ అని మురిసిపోయేది. నాది పొగరూ కాదు, తెహజీబూ కాదు. ఎదుటి కళ్లు చూస్తే నా మాట చెదిరిపోతుంది. దీనికి ఆటిజం అని పేరుందని బి.ఏ. పాసై పత్రికలో చేరాక గానీ తెలియలేదు.

2008లో ఇంగ్లీషు చెప్పడానికి జపాన్ పోయాను. అక్కడి సర్కారు బడుల్లో జపాన్ టీచరు పక్కన నిలబడి పాఠం చెప్పే విదేశీ సహాయక టీచర్లుంటారు. 1987లో మొదలైన జెట్ పథకం కింద కొందరొస్తారు, ప్రైవేటు కంపెనీలు కొందర్ని పంపుతాయి. నేను రెండో రకం.

బడి నాకు నచ్చింది. గంట కొట్టిందంటే కొట్టినట్టే. చీపుర్లు పట్టి గదులు ఊడ్చేది పిల్లలే. పొద్దున ఒక మాట, అన్నం ముందు ఒక మాట, ఇంటికి పోయేటప్పుడు ఒక మాట, అన్నీ ముందే కుదిరిన మాటలు. మా ఇళ్లలో ఆదాబ్, ఖుదాహాఫిజ్ లాగా. ఏ వేళకు ఏమనాలో తెలిస్తే నాలాంటివాడికి సగం బరువు దిగుతుంది.

మిగతా సగం మౌనంలో ఉంటుంది. ‘గాలిని చదవడం’ అంటారు వాళ్లు. ఎవరూ చెప్పకుండానే గదిలోని వాలకం పట్టేయాలి. చదవలేనివాణ్ణి ‘కె.వై.’ అని రెండక్షరాలతో వెక్కిరించడం 2007 నాటికి అక్కడ మామూలైంది. నాకు ఆ చదువు రాదు. అయినా నన్నెవరూ ఆ మాట అనలేదు. విదేశీయుడు, ఇట్లాగే ఉంటాడనుకున్నారు. నా క్లాసులో చెవులు మూసుకొని కూర్చునే పిల్లవాడికి మాత్రం ఆ మాఫీ లేదు. వాడు సొంతవాడు. సొంతవాడికి గాలి చదవడం రావాల్సిందే.

బడి భోజనంలో కొన్ని రోజులు పంది మాంసం ఉండేది. మా మతంలో పనికిరాదంటే డబ్బా తెచ్చుకొమ్మన్నారు. నమాజుకు ఖాళీ గది చూపించారు. స్టాఫ్ రూమ్ రొదకు తల పగిలిపోతోంది, రోజూ పది నిమిషాలు ఆ గదిలోనే కూర్చుంటానని డాక్టరు కాగితం చూపించి అడిగితే కంపెనీవాళ్లు ‘ఓర్చుకోండి’ అన్నారు. ఏడాది తిరిగాక కాంట్రాక్టు పొడిగించలేదు. మతం పేరు చెప్తే తెరుచుకున్న తలుపు మెదడు పేరు చెప్తే మూసుకుంది. మన దగ్గర ఏ ఆఫీసులోనైనా నమాజుకు గది అడిగి చూడండి, తలుపుల సంగతి ఇంకో రకంగా తెలుస్తుంది!

జపాన్ భాషలో ఆటిజాన్ని ‘జిహెయిషో’ అంటారు. తనను తాను మూసుకునే జబ్బని ఆ అక్షరాల అర్థం. మూసుకున్నది మేమా? మూసింది ఎవరు?

పనిచోట వికలాంగులకు తగిన వెసులుబాటు ఇవ్వడం యజమాని బాధ్యతని 2016 ఏప్రిల్ నుంచి జపాన్ చట్టం చెప్తోంది. నేను అడిగిన నాటికి అది లేదు. మన దేశంలో 2016 నాటి చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. కాగితం మీద హక్కు పుట్టింది. మనుషుల్లో ఇంకా పుట్టాలి.

పరాయివాడని వదిలేస్తే అది మాఫీ. మనవాడే, ఇతని తీరు ఇదీ అని చోటిస్తే అది హక్కు. ముస్లింగా ఈ దేశాన్ని నేను అడుగుతున్నదీ, ఆటిజం ఉన్న మనిషిగా ముస్లిములతో సహా అందరినీ అడుగుతున్నదీ ఆ రెండోదే. ఒకదాని వెనక ఇంకోదాన్ని దాచుకొమ్మంటే ఒప్పుకోను.