చిల్లచెట్టు మొదట్లో ఒక గంట

ఒంగోలు నుంచి పొదిలి వెళ్లే బస్సులో చీమకుర్తి దాటేదాకా కిటికీ నిండా గ్రానైటు గుట్టలే. ఆ తర్వాత చిల్లచెట్లు మొదలయ్యాయి. వైశాఖం ఎండ. మిరప చేలు ఖాళీ, పత్తికట్టె పీకేశారు. బీళ్లలో పచ్చగా ఉన్నది ఆ చెట్టొక్కటే. సర్కారు తుమ్మ అన్నా అదే.

పొదిలిలో దిగి ఊరి బయటి కుంటకు వెళ్లాను. చిన్నప్పుడు మా మేనమామతో కలిసి అక్కడే ఎడ్లను కడిగేవాణ్ని. ఇప్పుడు నీళ్లు సరే, కట్ట కూడా కనబడలేదు. కంప తప్పించుకుంటూ నాలుగడుగులు వేశానో లేదో, ముల్లు చెప్పును దాటి అరికాల్లో దిగింది.

మేకలు కాస్తున్న పెద్దాయన పిన్నీసుతో దాన్ని తీశాడు. రాలిన పసుప్పచ్చ కాయల్ని మేకలు కరకరా నములుతున్నాయి. ఒకటి కొరికి చూశాను, తియ్యగా ఉంది.

"ఎండాకాలమంతా ఇయ్యేనయ్యా మా జీవాలకి. ఆకు మాత్రం మూతి పెట్టవు" అన్నాడాయన.

మొన్నటి గాలివానకు పెంటికల మధ్య లేత మొలకలు లేచాయి. మేక కడుపులో కాయ అరుగుతుంది, గట్టి గింజ అరగదు. అదే కాయను పిండి పట్టించి పెడితే గింజ నలుగుతుంది, మేత మిగులుతుంది.

ఈ చెట్టును మనమే అడిగి తెప్పించుకున్నాం. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో విత్తనాలు కావాలని రాశాడు. మరుసటేడు జమైకా నుంచి గింజలు వచ్చాయి. వాటిని నాటింది మన కడప సీమలోని కమలాపురం దగ్గరే.

కుంట అవతల ఒక జంట బొగ్గు కాలుస్తోంది. కట్టె పేర్చి, గడ్డి కప్పి, తడిమట్టి మెత్తారు. ఎక్కడైనా మట్టి పగిలి గాలి దూరితే అంతా బూడిదే. అందుకని రాత్రిళ్లు వంతులేసుకుని కాపలా. తెల్లని పొగ పలచబడి నీలంగా మారితే బొగ్గు అయినట్టు.

"మొదలు కూడా తవ్వెయ్యకూడదామ్మా?" అని అడిగాను.

"మొదలు తవ్వితే మళ్లీ కట్టె యాడ నుంచి వస్తదన్నా? తవ్వినదానికి కూలెవరిస్తారు?"

నాకు ఆ మాటలో న్యాయం కనబడింది. పైన నరికితే మోడు చుట్టూ పిలకలు గుంపుగా లేస్తాయి. నేల కింద జానెడు, జానెడున్నర లోతున మొదలు తెగితేనే చెట్టు చస్తుంది. ఆ జంట దగ్గర గడ్డపార అడిగి పుచ్చుకుని నేనూ పెద్దాయనా ఒక మోడు తవ్వాం. సరిగ్గా గంట పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి.

కట్టె బొగ్గు కాల్చేవాళ్లకు వదిలెయ్యాలి, మొదలు తవ్వినందుకు కూలి ఊరు ఇవ్వాలి. ఖాళీ అయిన చోట వేపో, రేగో, నల్లతుమ్మో వెంటనే నాటాలి. జీవాలకు నీడా మేతా దొరకాలి కదా. ఈ గంట కూలి లెక్కలోకి రానంతకాలం ఎన్నిసార్లు నరికించినా ఊరికి దక్కేది పిలకలే.

మేం తవ్విన గుంటలో పెద్దాయన నాలుగు వేపగింజలు వేసి కాలితో మట్టి కప్పాడు.