కొనేవారి మనసులో మాట

వ్యాపారం పెట్టదలచుకున్నవారు ముందుగా కొనేవారి మనసు తెలుసుకోవాలని అందరూ చెబుతారు. ఎలా తెలుసుకోవాలంటే మాత్రం "ఏముంది, వెళ్ళి అడగడమే" అంటారు. చిక్కు అక్కడే వస్తుంది. మనవాళ్ళకు మొహమాటం ఎక్కువ. గిన్నెలో పచ్చడి తెచ్చి ఇచ్చి "ఎలా ఉందండీ?" అని అడిగిన మనిషి ముఖం మీద "ఉప్పు ఎక్కువైందమ్మా" అని చెప్పేవారు ఎందరుంటారు? "చాలా బాగుంది" అంటారు. ఆ మనిషి వీధి మలుపు తిరిగాక ఇంట్లోవాళ్ళతో అసలు మాట చెబుతారు. వ్యాపారికి కావలసింది ఆ రెండో మాట.

పెద్ద కంపెనీలు ఈ రెండో మాట కోసం చాలా డబ్బు ఖర్చు పెడతాయి. దానికి మార్కెట్ పరిశోధన అని పేరు. పది రూపాయల సరుకు అమ్ముకునేవారికి అంత ఖర్చు అక్కరలేదు. చెవులు, ఒక నోటుపుస్తకం, కొంచెం ఓపిక ఉంటే చాలు. ఈ సంగతి నాకు మా వదిన ఇడ్లీ బండి విషయంలో బోధపడింది.

మేముండేది గోవింద్‌పూర్‌లో. ఇది జార్ఖండ్ రాష్ట్రంలో జంషెడ్‌పూర్ నగరాన్ని ఆనుకొని ఉన్న ఊరు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో ఉక్కు తయారీ మొదలైన తరువాత పని కోసం దేశం నలుమూలల నుంచి జనం ఇక్కడికి వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు కూడా పెద్దసంఖ్యలో వచ్చి స్థిరపడ్డారు. మా తాతగారు ఆ విధంగా వచ్చినవారే. మా వీధిలో నిలబడితే హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ, భోజ్‌పురి, తెలుగు అన్నీ వినిపిస్తాయి. పక్కనే టెల్కో కర్మాగారం ఉంది. 1945లో స్థాపించిన ఆ కంపెనీ పేరు 2003లో టాటా మోటార్స్ అయింది. పేరు మారినా ఈ ప్రాంతాన్ని జనం ఇప్పటికీ టెల్కో అనే పిలుస్తారు.

మా అన్నయ్య ఒక కాంట్రాక్టరు దగ్గర పని చేసేవాడు. కాంట్రాక్టు ముగిసింది, పని పోయింది. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. వదిన చేతి ఇడ్లీకి బంధువులలో మంచి పేరు ఉంది. తన రెండు బంగారు గాజులు తాకట్టు పెట్టి, బండి, స్టవ్వు, పెద్ద గ్రైండరు కొని ఉదయం పూట ఇడ్లీ అమ్మాలని ఆమె ఆలోచన. గాజులు తప్ప ఇంట్లో మరో ఆధారం లేదు. అవి పోతే పోయినట్టే. అందుకే ముందు నాలుగిళ్ళు తిరిగి అడుగుదామని ఆమె బయలుదేరింది.

"ఇడ్లీ పెడితే కొంటారా పిన్నీ?" అని ఆమె అడిగింది.

"ఏటమ్మా అలగడుగుతావు? నీ సేతి ఇడ్లీ తినకపోతే ఇంకెవలిది తింటాం? రోజూ వస్తాం" అన్నారు వాళ్ళు.

అందరూ అదే మాట. వదిన సంతోషంగా తిరిగివచ్చింది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. అలా అన్నవారిలో చాలామంది ఇళ్ళలో వారానికి రెండుసార్లు ఇడ్లీపిండి రుబ్బుకుంటారు. ఇంట్లో దొరికేదాన్ని బండి దగ్గర రోజూ డబ్బిచ్చి కొనరు. వాళ్ళు అబద్ధం చెప్పారని కాదు. వాళ్ళు చెప్పింది వదిన మీద అభిమానం. అది ఇడ్లీకి గిరాకీ కాదు.

"గాజులు నెలరోజులు ఆగనివ్వండి వదినా. ఈలోగా నేను ఊరికే వింటాను" అన్నాను.

ఉదయం షిఫ్టుకు వెళ్ళేవారు టెంపో ఎక్కే చోటు ఒకటి ఉంది. ఇక్కడ నలుగురూ కలిసి ఎక్కే ఆటోను టెంపో అంటారు. ఆ పక్కనే టీ కొట్టు, దానికి ఎదురుగా ధుస్కా వేసే బండి ఉన్నాయి. ధుస్కా జార్ఖండ్ వంటకం. బియ్యం, శనగపప్పు నానబెట్టి రుబ్బి, నూనెలో పూరీలాగా వేయించి, శనగల కూరతోనో బంగాళాదుంప కూరతోనో పెడతారు. చూడగానే మన గారె గుర్తుకు వస్తుంది. తెల్లవారకముందే అక్కడ జనం మూగుతారు. నేను ప్రతిరోజూ టీ తాగే నెపంతో గంటసేపు నిలబడి, ఇంటికి వచ్చి విన్నవి రాసుకునేవాణ్ణి. పేర్లు ఏనాడూ రాయలేదు. ఎవరి ఇంటి సంగతులు చెవిన పడినా వాటిని పుస్తకంలోకి రానివ్వలేదు. నాకు కావలసింది టిఫిను గురించిన మాటలే. తక్కినవి వినడం చాడీల పని అవుతుంది.

మొదటి వారంలోనే తెలిసిన సంగతి ఒకటి ఉంది. రుచి గురించి అక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. "టైముకు తయారుగా లేదు", "చేతిలో పట్టుకుని టెంపో ఎలా ఎక్కుతాం", "మధ్యాహ్నం దాకా ఆగుతుందా" ఇవీ వాళ్ళ మాటలు. ఒక రోజు ఒక పెద్దాయన పక్కవాడితో ఇడ్లీ ప్రస్తావన తెచ్చాడు. ఆ రెండోవాడు నవ్వి, "ఇడ్లీ జ్వరం వచ్చినవాళ్ళ తిండి. గంటలో మళ్ళీ ఆకలేస్తుంది" అన్నాడు. చుట్టూ ఉన్నవారు కూడా నవ్వారు. ఆ ఒక్క నవ్వు మా వదిన తిరిగిన నాలుగిళ్ళ జవాబుల కంటే విలువైనది. పొద్దుటి నుంచి బరువులు ఎత్తే మనిషికి ఇడ్లీ తేలిక తిండి. ఈ మాట వదిన అడిగి ఉంటే వాళ్ళు చెప్పేవారు కారు.

ఇక్కడ జాగ్రత్త పడవలసింది ఒకటి ఉంది. మాటలను లెక్కపెట్టడం వేరు, మనుషులను లెక్కపెట్టడం వేరు. ధుస్కాలో నూనె ఎక్కువని గొణిగే ఒకాయన రోజూ వచ్చేవాడు. వారంలో ఆరుసార్లు గొణిగితే నా పుస్తకంలో ఆరు ఫిర్యాదులు చేరాయి. ఫిర్యాదు చేసిన మనిషి మాత్రం ఒక్కడే. పైగా అలా గొణుగుతూనే రెండో ప్లేటు తినేవాడు. అందుకని తరువాత నుంచి ఒక మనిషి ఒకే సంగతిని ఎన్నిసార్లు అన్నా ఒక్క గీతే గీసేవాణ్ణి.

రెండో జాగ్రత్త మాట్లాడనివారి గురించి. ఈ విషయంలో 1936లో అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ దేశంలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక ఉండేది. అధ్యక్ష ఎన్నికలలో ఎవరు గెలుస్తారో తెలుసుకోవడానికి ఆ పత్రిక దాదాపు కోటిమందికి కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. వాటిని లెక్కించి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా చూస్తే రూజ్వెల్ట్ 48 రాష్ట్రాలలో 46 గెలుచుకున్నాడు. ఆ పత్రిక చిరునామాలు ఎక్కువగా టెలిఫోను, కారు ఉన్నవారి జాబితాల నుంచి తీసుకుంది. ఆర్థిక మాంద్యపు రోజులలో అవి ఉన్నవారు కలిగినవారు. పైగా కార్డు అందుకున్న అందరూ జవాబు పంపలేదు. పంపినవారి అభిప్రాయం ఒకటి, పంపనివారిది మరొకటి అయింది. అదే ఎన్నికలో జార్జి గాలప్ అనే ఆయన చాలా తక్కువమందిని, అన్ని తరగతుల నుంచి ఎంచుకుని అడిగి, రూజ్వెల్ట్ గెలుస్తాడని సరిగా చెప్పాడు.

నేను నిలబడ్డ చోట కూడా అలాంటి మౌనం ఒకటి ఉంది. ఇళ్ళ నిర్మాణంలో కూలిపని చేసే ఆడవాళ్ళను ఇక్కడ రేజాలు అంటారు. వాళ్ళు టీ కొట్టుకు దూరంగా, చెట్టు కింద గుంపుగా నిలబడి ఉండేవారు. టిఫిను గురించి వాళ్ళ నోట ఒక్క మాటా నా చెవిన పడలేదు. వాళ్ళకు ఆకలి లేదని అనుకోవచ్చునా? ఈ సంగతి వదినకు చెబితే ఆమె వెంటనే, "ప్లేటు లెక్కన అమ్మితే వాళ్ళెలా కొంటారు? ఒక్కటి కావాలంటే ఒక్కటే ఇచ్చేవాళ్ళుండాలి" అంది. నాకు తట్టని సంగతి అది. రోజూ లెక్క చూసి ఖర్చు పెట్టే ఆడమనిషికి తట్టింది.

పెద్ద కంపెనీల పని కూడా మూలంలో ఇంతకంటే భిన్నం కాదు. మా ఊరి పక్కన ఉన్న ఈ టెల్కోకే 2000–01 సంవత్సరంలో సుమారు 500 కోట్ల రూపాయల నష్టం వచ్చింది. ఆ దెబ్బ తరువాత కంపెనీ కొత్త రకం చిన్న బండి గురించి ఆలోచించింది. గిరీష్ వాఘ్ అనే ఇంజనీరు నాయకత్వంలో కొందరు మూడు చక్రాల సరుకు బండ్లు నడిపేవారి దగ్గరకు వెళ్ళి మాట్లాడారు. నీకు ఎంత పెద్ద ఇంజను కావాలని అడిగితే ఇంజను గురించే చెబుతారు. మాటలు సాగనిస్తే వేరే సంగతులు బయటపడతాయి. నాలుగు చక్రాల బండి ఉంటే ఊళ్ళో తనకు మంచి పెళ్ళి సంబంధం వస్తుందని ఒక డ్రైవరు అన్న మాట పత్రికలకు ఎక్కింది. మూడు చక్రాలకూ నాలుగు చక్రాలకూ మధ్య ఉన్నది సరుకు బరువు ఒక్కటే కాదు, పరువు కూడా అని దాని అర్థం. 2005 మే నెలలో టాటా ఏస్ వచ్చింది. అది తయారైంది జంషెడ్‌పూర్‌లో కాదు, పుణెలో. ఉత్తరాదిన జనం దానికి 'ఛోటా హాథీ' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. అంటే చిన్న ఏనుగు. ఇప్పుడు గోవింద్‌పూర్ సంతకు కూరగాయలు వచ్చేది చాలావరకు అలాంటి బండ్ల మీదనే.

ఆ కంపెనీదే మరో అనుభవం ఉంది. 2008 జనవరిలో లక్ష రూపాయల కారు అంటూ నానోను చూపినప్పుడు దేశమంతా మెచ్చుకుంది. స్కూటరు మీద నలుగురు వెళ్ళే కుటుంబానికి కారు ఇవ్వాలన్నది మంచి ఉద్దేశమే. కాని మెచ్చుకున్నవారందరూ కొనలేదు. 2018 నాటికి దాని తయారీ దాదాపు నిలిచిపోయింది. దానిని అన్నిటికంటే చౌక కారుగా ప్రచారం చేయడం పొరపాటని రతన్ టాటాయే తరువాత అన్నారు. జనం కారు కొనేది పదిమందిలో తలెత్తుకోవడానికి కూడా. చౌక కారు యజమాని అనిపించుకోవడానికి ఎవరు ముందుకు వస్తారు? నా దృష్టిలో ఏస్, నానోల కథలు రెండూ పరువు కథలే. ఒకదానిలో ఆ మాట వినబడింది, రెండోదానిలో వినబడలేదు.

ఇక మా బండి సంగతి. విన్నదంతా నిజమని వెంటనే గాజులు తాకట్టు పెట్టలేదు. మాట ఎంత నిజాయితీగా అన్నా, జేబులోంచి డబ్బు తీసినప్పుడు తెలిసేది వేరు. ఒక పెద్ద మూకుడు అరువు తెచ్చుకుని, ఒక బల్ల వేసుకుని, రెండు వారాలు అమ్మి చూశాం. ఇడ్లీలు తక్కువ, మినప గారెలు ఎక్కువ. సాంబారు టెంపోలో ఒలుకుతుందని దానికి బదులు గట్టి పచ్చడి. కాగితంలో పొట్లం కట్టి ఇవ్వడం. ఒక్కటి అడిగినా ఇవ్వడం. తెల్లవారకముందే పొయ్యి వెలిగించడం. ఇందులో చివరిదే కష్టం. అన్నయ్య రెండు గంటలకు లేచేవాడు.

గారెలు షిఫ్టు వేళకే అయిపోయేవి. చెట్టు కింద ఆడవాళ్ళలో ముందు ఒకామె వచ్చి రెండు కొని నలుగురికి తుంచి పెట్టింది. మూడో రోజు నుంచి మిగతావారూ వచ్చారు. ఇడ్లీలు మాత్రం పనిరోజుల్లో మిగిలిపోయేవి. "రోజూ వస్తాం" అన్న పిన్నిగారు ఆ రెండు వారాలలో ఒక్కసారి వచ్చారు. అదైనా డబ్బు తీసుకోనివ్వకుండా వదిన మొహమాటం అడ్డుపడింది. కొనేవారికే కాదు, అమ్మేవారికీ ఆ జబ్బు ఉంటుంది.

చివరకు రెండు గాజులకు బదులు ఒకటే తాకట్టుకు వెళ్ళింది. పెద్ద గ్రైండరు ఆలోచన మానుకుని పాత బండి ఒకటి కొన్నారు. నోటుపుస్తకం ఇప్పుడు వదిన దగ్గరే బండి సొరుగులో ఉంటుంది. డిసెంబరులో ఒక పేజీ నిండా ఒకే ఫిర్యాదు: ఇడ్లీ గట్టిగా ఉంది. ఇక్కడి చలికి రాత్రి పిండి పులవదు. గిన్నెకు దుప్పటి చుట్టి పొయ్యి పక్కన పెట్టడం మొదలుపెట్టాక ఆ మాట ఆగింది.

మొన్న ఆ పుస్తకం తిరగేస్తే కొత్త సంగతి కనబడింది. ఆదివారాలు వచ్చే బెంగాలీ, బిహారీ ఇల్లాళ్ళు ఒకరితో ఒకరు అనుకున్న మాటలు. ఇడ్లీ ఇంట్లోనే వేడిగా వేసుకోవచ్చు గాని రుబ్బడమే తెలియదు, పిండి దొరికితే బాగుండునట. వేరువేరు మనుషులవి తొమ్మిది గీతలు ఉన్నాయి. వచ్చే ఆదివారం అరకిలో పొట్లాలు పది కట్టి చూద్దామని వదిన అంటోంది.