పదకొండు మంది సత్యభామలు

మొన్న సోమవారం టీ దగ్గర మా టీములో ఒకాయన అడిగాడు, వీకెండ్ ఏం చేశావని. భామాకలాపం చూడ్డానికి విజయవాడ దాకా వెళ్ళొచ్చానన్నాను. "ఓహో, మీ చుట్టాలమ్మాయి చేసిందా?" అన్నాడు. కాదన్నాను. "మరి?"

ఈ "మరి?" దగ్గర నేనెప్పుడూ నీళ్ళు నములుతాను. మొదటి రోజు మొదటి ఆటకి తెల్లారగట్ల లేచి వెళ్ళేవాణ్ణి "ఆ హీరో మీ చుట్టమా?" అని ఎవరూ అడగరు. క్రికెట్ కోసం మెల్‌బోర్న్ వెళ్ళొచ్చినవాణ్ణీ అడగరు. డాన్సు చూడాలంటే మాత్రం చుట్టరికం ఉండి తీరాలి. సరే, అసలు సంగతి మొదట్నించీ చెప్తాను, ఓపికున్నవాళ్ళు చదవండి.

మా ఇల్లు సీతమ్మధారలో, రైతుబజారుకి నడిచి వెళ్ళేంత దూరం. అక్క నాకంటే ఏడేళ్ళు పెద్ద. దానికి వారానికి మూడు సాయంత్రాలు కూచిపూడి క్లాసు. చీకటి పడ్డాక ఆడపిల్ల ఒక్కతే రాకూడదని తోడు నన్ను పంపేవారు (ఆరేళ్ళవాణ్ణి! ఎవరు ఎవరికి తోడో నాకిప్పటికీ తెలీదు). నేను గజ్జెల సంచీ పక్కన మెట్ల మీద కూర్చుని హోంవర్కు చేస్తున్నట్టు నటిస్తూ చూస్తుండేవాణ్ణి. కొన్నాళ్ళకి తల ఎత్తకుండానే, అడుగుల చప్పుడు విని, తాళం తప్పింది ఎవరో చెప్పేసేవాణ్ణి. తర్వాత అక్క ఇంటర్లో చేరింది. ఎంసెట్. "ర్యాంకొచ్చాక మళ్ళీ మొదలెడుదువుగాని" అన్నారు నాన్నగారు. మానెయ్యమని ఎవరూ అనలేదు. ర్యాంకొచ్చింది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, డాలస్ వెళ్ళిపోయింది. గజ్జెల సంచీ బీరువా మీద సూట్‌కేసుల వెనక్కి పోయింది. దాని డాన్సు అలా ఆగింది, నాకు మాత్రం చూసే అలవాటు మిగిలిపోయింది.

నేను వెంటపడేది ముఖ్యంగా ఒక్క పాత్రని. సిద్ధేంద్ర యోగి రాశాడని చెప్పుకునే భామాకలాపంలో సత్యభామ తెర వెనక నుంచి ముందు జడ బయటికి వేస్తుంది. నాతో పోటీపడి గెలిస్తే ఈ జడ కోసుకోండని సవాలన్నమాట. అందరికీ తెలిసిన ఘట్టం అదే, ఫొటోలకీ అదే బావుంటుంది. నాకు కావలసింది చాలాసేపటి తర్వాత వస్తుంది. కృష్ణుడు అలిగి వెళ్ళిపోతాడు. సత్య ఉత్తరం రాసి, తీసుకెళ్ళమని మాధవిని బతిమాలుతుంది. మాధవి ఊరికే వెళ్తుందా? ముందు మొగుడి పేరు చెప్పమని ఏడిపిస్తుంది, తర్వాత ముక్కెర ఇమ్మంటుంది. అంత గర్వం ఉన్న మనిషి, శమంతకమణి ఇంట పుట్టిన మనిషి, ముక్కు మీద చెయ్యి వేసుకుని ఆలోచనలో పడుతుంది చూడండి.. ఆ అర నిమిషం కోసం నేను విజయవాడ దాకా 350 కిలోమీటర్లు రైలెక్కి వెళ్తాను.

ఒకావిడ చటుక్కున తీసి ఇచ్చేసింది, ఇచ్చాక ఖాళీ ముక్కు తడుముకుంది. ఒకావిడ మాకు వీపు తిప్పి తీసింది, ముక్కెర లేని మొహం మేం చూడకూడదన్నట్టు. ఇంకొకావిడకి నవ్వొచ్చేసింది, తన అవస్థ చూసి తనకే. ఓ గుడి తిరనాళ్ళలో అయితే డిగ్రీ చదివే అమ్మాయికి ముక్కెర నిజంగానే ఇరుక్కుపోయి ఊడి రాలేదు. మాధవి వేషంలో ఉన్న పెద్దాయన "అదేంటే తల్లీ, ముక్కెరక్కూడా నీ పంతమే వచ్చిందే" అని అప్పటికప్పుడు అందుకున్నారు. జనం ఘొల్లుమన్నారు. ఆ అమ్మాయి సిగ్గూ, ఉక్రోషం, కళ్ళలో నీళ్ళూ.. అంతా పాత్రలో కలిసిపోయింది. అంత బాగా మళ్ళీ చూళ్ళేదు.

ఇవన్నీ ఒక ఎక్సెల్ షీటులో రాసుకుంటాను. (నవ్వకండి. మనం ఇంకెక్కడ రాసుకుంటాం?) తేదీ, ఊరు, సత్యభామ ఎవరు, మాధవి ఎవరు, పాటగాళ్ళు ఉన్నారా రికార్డింగా, ముక్కెర ఎలా తీశారు. ఈ రోజుకి ముప్పై ఒక్క వరసలు, పదకొండు మంది సత్యభామలు. చివరి గడి చాలా వరసల్లో ఖాళీ. ఒకప్పుడు రాత్రంతా నడిచిన కలాపం ఇప్పుడు చాలాచోట్ల ప్రవేశ దరువు ఒక్కటే అయి, పది నిమిషాల్లో ముగుస్తుంది. ముక్కెర దాకా రానే రారు.

చూడలేకపోయిన వాళ్ళ జాబితా వేరే ఉంది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు - మగవాడై ఉండి సత్యభామ వేషానికే పేరు తెచ్చుకుని 1970లో పద్మశ్రీ అందుకున్నాయన - 2012లో పోయారు. అదే ఏడాది వెంపటి చినసత్యం గారూ పోయారు. అప్పటికి నాకు పదిహేనేళ్ళు, నేనూ కోచింగు సెంటర్లో ఉన్నాను. వాళ్ళ సంగతి వదిలేయండి, నా చేతిలో లేదు. శోభానాయుడు గారి సంగతే మింగుడు పడదు. 1956లో అనకాపల్లిలో పుట్టారు, అంటే మా వైపు మనిషే. హైదరాబాదులో ఆవిడ అకాడమీ. 2019లో నేను ఉద్యోగంలో చేరింది హైదరాబాదులోనే. ఊళ్ళోనే ఉన్నారు కదా, ఈ రిలీజు అయ్యాక ఎప్పుడైనా చూడొచ్చులే అనుకున్నాను. 2020 అక్టోబరు 14న పోయారు. ఆ రిలీజు ఏ ప్రాజెక్టుదో కూడా ఇప్పుడు గుర్తులేదు.

అప్పట్నించే వెంటపడ్డం మొదలైంది. వెతుకుతుంటే ఎక్కడికి పోయినా దారి మళ్ళీ మద్రాసుకే వస్తుంది. చినసత్యం గారు 1963లో అక్కడ పెట్టిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ. అట్లాంటాలో నేర్పుతున్న శశికళ పెనుమర్తి గారు ఆయన శిష్యురాలే, మేరీలాండ్‌లో కళానిధి సంస్థ నడిపే అనూరాధా నెహ్రూ గారూ అంతే. శోభానాయుడు గారూ, శంకరాభరణం మంజుభార్గవి గారూ సరేసరి. మన భాషలో చెప్పాలంటే ఒకే రిపాజిటరీ, ఖండానికో బ్రాంచి :)

అయితే సత్యభామని కూచిపూడి మగవాళ్ళే వేసేవారు అనేది సగం నిజమే. గోదావరి జిల్లాల్లో కళావంతుల ఆడవాళ్ళకీ తమదైన భామాకలాపం ఉండేది. 1947 దేవదాసీ చట్టం తర్వాత వాళ్ళు ఇళ్ళకి పరిమితమైపోయారు. వాళ్ళలో ఎవరు ముక్కెర ఎలా తీసేవారో రాసుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో. యశోదా ఠాకోర్ లాంటివాళ్ళు ఆ సంప్రదాయాన్ని మళ్ళీ వేదిక మీదికి తెస్తున్నారు. నేను ఇంకా చూళ్ళేదు.

2024లో ఆరు నెలలు లండన్ ఆన్‌సైట్ వెళ్ళాను. అక్కడ నా పక్క సీటు ఆయన బాలే పిచ్చివాడు. అరవైకి దగ్గర్లో ఉంటాడు, పాత మెయిన్‌ఫ్రేమ్ మనిషి. రాయల్ బాలేలో ఆ వసంతంలో స్వాన్ లేక్ నడుస్తుంటే ఒకే సీజన్లో మూడు సార్లు టిక్కెట్టు కొన్నాడు, ఒక్కోసారి ఒక్కో నర్తకి కోసం. ఏ రోజు ఎవరు చేస్తారో ముందే ప్రకటిస్తారు. మరియానెలా నూన్యెజ్ అంటే ఆయనకి ప్రాణం, ఆవిడ కోసం వేరే దేశాలకి కూడా వెళ్ళొచ్చాడు. మూడో అంకంలో నల్ల హంస వరసగా ముప్పై రెండు తిరుగుళ్ళు తిరుగుతుంది, జనం అంతా అది లెక్కపెడతారు. ఈయన మాత్రం "అది కాదు, రెండో అంకంలో మెడ ఎప్పుడు వాలుస్తుందో అది చూడు" అనేవాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎక్సెల్ షీటు తెరిచి చూపించాను. చుట్టాలా అని అడగని మొదటి మనిషి ఆయనే. అంతా విని ఒక్కటే అడిగాడు, "ఆమె ఆలోచిస్తున్నప్పుడు వాద్యాలవాళ్ళు ఏం చేస్తారు?" అని.

దొరికిపోయాను. ఎందుకంటే నా షీటులో ముప్పై ఒకటికి ఇరవై నాలుగు రికార్డింగులే. పక్కన పాటగాడు ఉంటే నర్తకి మొహం చూస్తూ అదే మాటని మళ్ళీ మళ్ళీ అంటాడు, ఆవిడ ఆలోచన తెగేదాకా. నట్టువాంగం చేసేవాళ్ళు ఆగుతారు, మృదంగం మీద వేళ్ళు ఊరికే ఆడతాయి. ఆవిడకి ఆ పూట రెండు నిమిషాలు కావాలంటే రెండు నిమిషాలు. రికార్డింగు అంటే హార్డ్‌కోడ్ చెయ్యడమే. ఇరవై రెండో సెకనుకి ముక్కెర తియ్యాలి, మనసు రాకపోయినా తియ్యాలి. తిరనాళ్ళలో ఆ అమ్మాయి ముక్కెర ఇరుక్కుపోవడం పనికొచ్చిందంటే, పక్కన ఆగగలిగే మనుషులు ఉన్నారు కాబట్టి. చినసత్యం గారి నృత్యనాటకాలకి సంగీతం కట్టింది ఎవరనుకున్నారు? మన సాలూరు పట్రాయని వారి సంగీతరావు గారు, ఘంటసాలకి ఏళ్ళ తరబడి సహాయకుడిగా పనిచేసినాయన. నూరేళ్ళు నిండి 2021లో పోయారు. నాట్యం కళ్ళతోనే చూస్తామనుకుంటాం గానీ, సగం చెవులతోనే.

అలాగని ఎవర్నీ తప్పు పట్టలేను. ఐదుగురు కళాకారులకి రైలు టిక్కెట్లు, బస, పారితోషికం.. అదంతా ఆ నర్తకి నాన్నే పెట్టుకోవాలి. టిక్కెట్టు కొని వచ్చేవాళ్ళు ఏరీ? మన ఆహ్వానపత్రికలు చూడండి. ముఖ్య అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, విశిష్ట అతిథి, అందరి పేర్లూ లావు అక్షరాల్లో. ఏ అంశం చేస్తారో, మాధవి ఎవరో ఉండదు. ఒకసారి నాలుగు వందల కిలోమీటర్లు వెళ్తే ఉపన్యాసాలు గంటా పది నిమిషాలు, సత్యభామ పదిహేను నిమిషాలు. అవి అయ్యాక హాల్లో మిగిలింది ఆ అమ్మాయి తరఫు వాళ్ళూ, నేనూ, మైకు అబ్బాయీ.

2016 డిసెంబరులో విజయవాడలో 6,117 మంది ఒకేసారి కూచిపూడి చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. అప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాను, రత్నాచల్ ఎక్కి వెళ్ళాను. ఒళ్ళు జలదరించింది, అబద్ధమెందుకు. కానీ గ్యాలరీలో నా చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఫోన్ జూమ్ చేసి తమ పిల్ల ఏ వరసలో ఉందో వెతుకుతున్నారు. వెతకడానికి నాకెవరూ లేరు. ఇంతమంది నేర్చుకుంటున్నారు కదా, వీళ్ళలో ఎంతమంది రేపు వేరేవాళ్ళ డాన్సు టిక్కెట్టు కొని చూస్తారా అనిపించింది. నేర్చుకునేవాళ్ళకి కరువు లేదు, అక్కడా ఇక్కడా.

పోయిన వేసవిలో అక్క వచ్చింది. పిఠాపురం కాలనీ కళాభారతిలో కార్యక్రమం ఉంటే బలవంతాన లాక్కెళ్ళాను. ఆ రోజు అదృష్టం బావుంది, పాటగాళ్ళు ఉన్నారు, ముక్కెర దాకా వచ్చారు. చీకట్లో పక్కకి చూస్తే అక్క స్టేజీ వైపు చూడ్డం లేదు. తల దించుకుని వింటోంది, చెప్పులు విడిచేసి. ఇంటికొచ్చాక నా షీటు మొత్తం చదివి "ఇక్కడ సిగ్గు అని రాశావేంట్రా, సిగ్గు కాదు, అది బేరం. ముక్కెర పోతే పోయింది, మనిషి వస్తాడా రాడా అని లెక్కేసుకుంటోంది" అంటూ ఆరు వరసలు కొట్టేసి తిరగరాసింది. "మళ్ళీ మొదలెట్టొచ్చు కదే" అన్నాను. "నోర్ముయ్. మోకాళ్ళు నీవా నావా?" అంది. గజ్జెల సంగతి ఇద్దరం ఎత్తలేదు.

వచ్చే నెల అట్లాంటాలో భామాకలాపం ఉందని తెలిసి డాలస్ నుంచి ఫ్లైటు టిక్కెట్టు తీసుకుందిట, ఒక్కతే. ముప్పై రెండో వరస తనే నింపుతానంది. బావగారు అడిగారట, "ఎవరు, మనవాళ్ళా చేస్తున్నది?" అని.