నాన్న పేరు ఇవ్వవచ్చునా?

స్వర్గంలో అంతస్తులుంటాయన్న మాట మా బళ్లారి సీమవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఆదోని దాటితే మంత్రాలయం. రాయర సేవకు పోయేవారిలో తెలుగువారెందరో, కన్నడిగులెందరో ఎవరూ విడదీసి లెక్కగట్టలేరు. మధ్వమతంలో జీవులు మూడు విధాలు: ముక్తికి అర్హులు, ఎన్నటికీ సంసారంలోనే తిరిగేవారు, అంధతమసులో పడేవారు. ముక్తి పొందినవారికైనా ఆనందం సమానం కాదు, తారతమ్యం ఉంది. చెంబు నిండినా బిందె నిండినా నిండుదనమే కదా, ఎవరికీ కొరత లేదని పెద్దలు సర్దిచెబుతారు. తైత్తిరీయోపనిషత్తులో మనుష్యానందం మొదలు బ్రహ్మానందం దాకా మెట్టుమెట్టుకూ నూరేసి రెట్లు హెచ్చుతుంది. చక్రవడ్డీ లెక్కలతో ముప్పైయేళ్ళు గడిపినవాణ్ణి, ఆ గుణకారం నాకు బాగా నచ్చింది.

అందుచేత మోర్మన్లకు స్వర్గాలు మూడని మా తమ్ముడు చెప్పినపుడు నేనేమీ ఆశ్చర్యపోలేదు. వాడు బెంగళూరులో ఉద్యోగం. రాజమండ్రి స్నేహితుడొకని వెంట వెళ్ళి, కొన్నాళ్ళకు ఆ సంఘంలో చేరాడు. వారిప్పుడు తమను మోర్మన్లనవద్దంటారు. యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘమన్నది అసలు పేరు. ఆ పేరు బ్యాంకు చలానా గడిలో పట్టదు గనుక నేను పాత పేరే వాడుతున్నాను.

మన ఊళ్ళో ఆ పేరు విన్నవారు తక్కువే గాని, తెలుగువారికి అది బొత్తిగా పరాయిది కాదు. సమోవా ద్వీపాల్లో కీటకశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ అక్కడ ఆ మతం పుచ్చుకొని, 1978 డిసెంబరులో హైదరాబాదుకు వచ్చి ఇరవై రెండుమందికి బాప్తిస్మం ఇప్పించారు. చాలామంది సొంత బంధువులే. వారి గ్రంథాన్ని తెలుగు చేసినవారు ఎల్సీ తండ్రిగారే. ఆయన అప్పటిదాకా బాప్టిస్టు పాదిరి. 2012లో భారతదేశంలో వారి మొదటి స్టేకు, అంటే మన జిల్లా వంటి విభాగం, హైదరాబాదులోనే ఏర్పడింది.

ఆ మూడు స్వర్గాల సంగతి 1832 ఫిబ్రవరిలో జోసెఫ్ స్మిత్‌కూ, సిడ్నీ రిగ్డన్‌కూ ఒహాయో రాష్ట్రంలో కలిగిన దర్శనంలో వచ్చింది. సూర్యుడి వెలుగు వంటిది సిలెస్టియల్, చంద్రుడి వెలుగు వంటిది టెరెస్ట్రియల్, చుక్కల వెలుగు వంటిది టిలెస్టియల్. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఈ ఉపమానానికి మూలముంది. అబద్ధాలాడేవారూ వ్యభిచరించేవారూ తగిన శిక్ష అనుభవించాక చుక్కల లోకానికి చేరతారట. ఆ అడుగు అంతస్తు కూడా మనిషి ఊహకందనంత గొప్పదట. వెలుపటి చీకటి బహుకొద్దిమందికే. నిత్యనరకం పేరు చెప్పి భయపెట్టే బోధల పక్కన ఇది దయగల లెక్క అని నేను ఒప్పుకుంటాను.

చిక్కు మధ్య అంతస్తులో ఉంది. మంచివారై ఉండి, మనుషుల మాయమాటల వల్ల సత్యం కానలేకపోయిన గౌరవస్థులది చంద్రలోకం. మా నాన్న ఓ పత్తిమిల్లులో గుమాస్తా. తూకంలో ఒక్క శేరు తేడా రానివ్వలేదు. ఆ జాబితా చదివితే మా నాన్న కళ్ళకు కట్టాడు. పై అంతస్తువారు కిందికి సేవకు రాగలరు. కిందివారు పైకి పోయే దారి ఆ గ్రంథంలో కనబడదు. ఆలుమగలు ఆలుమగలుగా నిలిచేది పై స్వర్గంలోనూ పైమెట్టున మాత్రమే, అదీ గుడిలో ముద్ర పడ్డ పెళ్ళికే. తారతమ్యం నాకు సమ్మతమే. కాని ఒకే ఇంటివారిని వేర్వేరు అంతస్తులకు పంపే తారతమ్యం మింగుడుపడలేదు.

జోసెఫ్ స్మిత్‌కూ పడినట్టు లేదు. ఆయన అన్న ఆల్విన్ 1823లో, ఇరవై అయిదేళ్ళకే, ఆ సంఘం పుట్టకముందే చనిపోయాడు. 1836 జనవరిలో కలిగిన మరో దర్శనంలో ఆ అన్నే పై స్వర్గంలో కనబడితే, బాప్తిస్మం లేనివాడు ఇక్కడికెట్లా వచ్చాడని తమ్ముడు విస్తుపోయాడట. అవకాశం దొరికి ఉంటే మనసారా ఒప్పుకొని ఉండేవారికి అక్కడ చోటుందని జవాబు. 1840లో చనిపోయినవారి తరఫున బ్రతికినవారు బాప్తిస్మం తీసుకునే పద్ధతి మొదలైంది. నామినీ సంతకం వంటిది. మహాలయ అమావాస్యకు పెద్దలకు పెట్టుకునే మనకు, గయలో దిక్కులేనివారికీ పిండం పెట్టి వచ్చే మనకు, ఇది అర్థం కాని సంగతేమీ కాదు.

బెంగళూరులో వారి గుడి కడతామని 2018 ఏప్రిల్‌లో ప్రకటించారు. 2020 డిసెంబరులో భూమిపూజ వంటిది చేశారు. ఆ మరుసటేడు తమ్ముడు ఇంటికొచ్చి నాన్న పుట్టినతేదీ, పెళ్ళితేదీ అడిగాడు. కాగితాలు నా బీరువాలో ఉన్నాయి. నేను తీయలేదు. అడగకుండా ఒకరి పేరు మీద ఇంకొకరు మతం పుచ్చుకోవడమేమిటని నా పట్టు. నాజీలు చంపిన యూదుల పేర్లకు ఇట్లాగే బాప్తిస్మాలు జరిగాయని తెలిసి యూదులు ఎంతో నొచ్చుకుంటే, ఇక చేయబోమని ఆ సంఘం 1995లో ఒప్పుకోవలసి వచ్చింది. గడిచిన 110 ఏళ్ళలో పుట్టినవారి విషయంలో దగ్గరివారి అనుమతి ఉండాలన్న నియమం కూడా వారికి ఉంది. దగ్గరివారిలో మొదటి పేరు భార్యది.

అంటే అమ్మ. వాకిట్లో చిక్కుళ్ళు ఒలుస్తూ అంతా విన్నది.

"వీడు ముంచినాక మీ నాయన వద్దంటే?"

"వద్దనొచ్చుమ్మా. ఒప్పుకునేది లేనిది ఆయనిష్టం" అన్నాడు తమ్ముడు. నిజమే, వారి సిద్ధాంతం కూడా అదే.

"అట్లయితే ముంచుకోనీ. ఎవురేమిచ్చినా నాలుగుసార్లు తిప్పి చూడందే తీసుకునే మనిషి కాదు ఆయన."

నాకు నవ్వొచ్చింది. తమ్ముడికి రాలేదు. నా తర్వాత నన్నేం చేస్తావురా అని అడిగిందామె. నీ పేరున కూడా చేయించి, మీ ఇద్దరికీ అక్కడ కలకాలం నిలిచే పెళ్ళి ముద్ర వేయిస్తానన్నాడు. వాడి గొంతు పూడుకుపోయింది. ఏళ్ళ తరబడి వాడు మోస్తున్నదేమిటో నాకప్పుడు తెలిసింది. వాడి లెక్కలో మేమంతా ఓ అంతస్తున, వాడొక్కడే ఓ అంతస్తున.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ కింద పెట్టింది. "మాకు పెండ్లి అయ్యే ఉంది గదరా. చస్తే అది పోతుందని నీకెవురు చెప్పినారు?"

వాడు జవాబు చెప్పలేదు. నాకూ తోచలేదు.

కాసేపటికి తనే లేచి, ట్రంకుపెట్టె అడుగు నుంచి పెళ్ళి శుభలేఖ తెచ్చి వాడి చేతిలో పెట్టింది. పసుపు మరకలు నల్లబడ్డాయి. తేదీ ఉన్న మూల చిరిగిపోయి ప్లవనామ సంవత్సరం, వైశాఖమాసం అని మాత్రం మిగిలింది. ఆ ఏడూ ప్లవే. అరవైయేళ్ళ చక్రం ఒక చుట్టు తిరిగి వచ్చింది.

"దీంట్లో ఇంగ్లీషు తేదీ లేదే" అన్నాడు తమ్ముడు.

"బేస్తవారం" అన్నది అమ్మ. "వాన కూడా వచ్చింది."

బీరువా తాళంచెవి తీసుకొని, 1961 నాటి పంచాంగం ఎవరింట్లో దొరుకుతుందా అని నేను ఆలోచనలో పడ్డాను.