అక్కరకు రాని అందగాళ్లు

బొగ్గు ఊళ్లో పుస్తకాలు దాచుకోవడమంటే చంటిపిల్లను సాకడమే. రోజూ ఒళ్లు తుడవాలి. మా నస్పూర్ ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లా, 2016 నుంచి మంచిర్యాల జిల్లా. జిల్లా పేరు మారింది గాని దుమ్ము మాత్రం పాత దుమ్మే. పొద్దున తుడిచిన అలమారా మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు.

మొన్న పండగ ముందు ఆ అలమారా దులుపుతుంటే వెనక వరసలోంచి రెండు పుస్తకాలు బయటపడ్డాయి. రెండూ రష్యన్ నవలలు, ఇంగ్లీషు అనువాదాలు. ఒకటి పుష్కిన్ రాసిన 'యెవ్గేనీ ఒనేగిన్'. రెండోది లెర్మంతోవ్ నవల, పేరు మన భాషలో చెప్పాలంటే 'మా కాలపు వీరుడు'. విశాలాంధ్ర వాళ్ల బస్సులో రష్యా పుస్తకాలు చవగ్గా దొరికే రోజుల్లో మా బావ కొన్నవి. నాకు చదవమని ఇచ్చాడు. ఆయన మళ్లీ అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

బావ అంటే మా మేనత్త కొడుకు. మేనత్తను గోదావరి అవతల, కరీంనగర్ వైపు, ఒక దొరల ఇంటికి ఇచ్చారు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగాక ఆ వైపు దొరలు చాలామంది గడీలకు తాళాలు వేసి పట్నాల దారి పట్టారు. మేనత్త వాళ్లూ అలాగే వెళ్లిపోయారు. బావకప్పుడు ఎనిమిదేళ్లు. గడీలో ఏం జరిగేదో, ఊరు ఎందుకు తిరగబడిందో పెద్దయ్యాక పుస్తకాలు చదివి తెలుసుకున్నాడు. తెలుసుకున్నాక తన ఇంటిపేరు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ సిగ్గుతో ఏం చెయ్యాలో మాత్రం ఆయనకు తెలియలేదు.

ఎండాకాలం సెలవుల్లో మా క్వార్టరుకు వచ్చి నెల రోజులు ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎటో చూస్తున్నట్టు ఉండేవాడు. వరండాలో కుర్చీ వేసుకుని, జీవితానికి అర్థం లేదనేవాడు. మా బాపు గని ఆఫీసులో గుమాస్తా. ఒకరోజు రాత్రి షిఫ్టుకు పోతున్న వాళ్లను చూపించి, "అల్లుడా! నీకు పొద్దు పోతలేదు, వాళ్లకు పొద్దే కనపడతలేదు" అన్నాడు. బావ నవ్వాడు. నాకు మాత్రం బాపు మీద కోపం వచ్చింది. ఇంత సున్నితమైన మనిషిని పట్టుకుని ఆ మాటలేమిటని!

నాకప్పుడు పందొమ్మిదేళ్లు, బి.ఏ. రెండో సంవత్సరం. ఇంక వేరే చెప్పాలా?

మేనరికం కనుక ఇంట్లో మాట అనుకున్నారు. ఒక సాయంత్రం బావ నన్ను పిలిచి, చాలా మర్యాదగా, "నేను పెళ్లికి పనికొచ్చే మనిషిని కాదు. నాతో నువ్వు సుఖపడవు" అన్నాడు. ఆ మర్నాడే ఈ రెండు పుస్తకాలూ నా చేతిలో పెట్టి రైలెక్కాడు.

ఒనేగిన్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పద్యంలో రాసిన నవల. 1825 నుంచి కొంచెం కొంచెంగా అచ్చయి, 1833లో ఒక్క పుస్తకంగా వచ్చింది. పీటర్స్‌బర్గ్‌లో విందులూ నాట్యాలూ అనుభవించి విసుగెత్తిపోయిన కుర్రవాడు ఒనేగిన్. పినతండ్రి ఆస్తి కలిసొచ్చి పల్లెకు వస్తాడు. అక్కడ తత్యానా అనే పల్లెటూరి పిల్ల అతన్ని ప్రేమించి, సిగ్గు విడిచి ఉత్తరం రాస్తుంది. అతను తోటలో కలుసుకుని, తాను సంసారానికి తగనని ఆ పిల్లకు నీతిబోధ చేస్తాడు! అది చదివి నేను దిండు తడిసేలా ఏడ్చాను. తత్యానా నేనే అనుకున్నాను. పందొమ్మిదేళ్లకు ఎవరనుకోరు చెప్పండి?

రెండో పుస్తకం 1840లో వచ్చింది. అందులో పెచోరిన్ సైనికాధికారి, కాకసస్ కొండల్లో ఉంటాడు. బేలా అనే కొండపిల్లను ఆమె తమ్ముడి చేతే ఎత్తుకు రప్పిస్తాడు. అందుకు ఆ తమ్ముడికిచ్చిన ప్రతిఫలం ఒక గుర్రం. అదీ ఇంకొకడి గుర్రం! నాలుగు నెలలు గడిచేసరికి బేలా మీద మోజు తీరిపోతుంది. ఆ గుర్రం పోగొట్టుకున్నవాడి కత్తికి బేలా బలైపోతుంది. ఇంకోచోట, మేరీ అనే జమీందారీ పిల్లను పనిగట్టుకుని తన వెంట తిప్పుకుని, ఆమె మనసు ఇచ్చాక, నాకు నీమీద ప్రేమ లేదు పొమ్మంటాడు.

ఇద్దరూ ఒకే తల్లి బిడ్డల్లా ఉంటారు. ఇద్దరూ ధనవంతులు, తెలివైనవాళ్లు. ఇద్దరికీ దేనిమీదా నమ్మకం లేదు. ఇద్దరూ ద్వంద్వయుద్ధంలో ఒక స్నేహితుణ్ని చంపుతారు. పేర్లు కూడా రెండు ఉత్తరాది నదులను గుర్తుచేస్తాయి, ఒనేగా, పెచోరా. ఆ రెండు నదుల మధ్య ఉన్న దూరం కూడా ఈ ఇద్దరి మధ్య లేదని బెలిన్‌స్కీ అనే విమర్శకుడు ఆ రోజుల్లోనే అన్నాడు.

ఇద్దరికీ ఉన్న తేడా నాకు నలభై దాటాక తెలిసింది. ఒనేగిన్ చూడకుండా తొక్కుతాడు, పెచోరిన్ చూసి తొక్కుతాడు. విందులో విసుగుపుట్టి, స్నేహితుడు లెన్‌స్కీని ఏడిపించడానికి అతను పెళ్లాడబోయే పిల్లతో నాట్యం చేస్తాడు ఒనేగిన్. దాని వెనక రక్తం ఉందని ఊహించడు. తీరా సవాలు వచ్చాక, తనదే తప్పని తెలిసి కూడా, నలుగురూ పిరికివాడంటారేమోనని పిస్తోలు పట్టుకుంటాడు. పెచోరిన్ అలా కాదు. అతనికి అన్నీ ముందే తెలుసు. ఎదుటివాడు తన పిస్తోలులో గుండు లేకుండా కుట్ర చేశాడని తెలుసు, ఏ మాటకు మేరీ ముఖం ఎర్రబడుతుందో తెలుసు, తనలో ఏది చచ్చిపోయిందో తెలుసు. తెలిసినదంతా డైరీలో చక్కగా రాసుకుంటాడు కూడా. ఒనేగిన్ కూడా ఒకప్పుడు రాద్దామని కూచున్నవాడే గాని, కలంలోంచి ఒక్క ముక్క రాలలేదు. అతని మనసేమిటో తెలుసుకోవడానికి తత్యానా అతను లేనప్పుడు ఆ ఇంటికి వెళ్లి, పుస్తకాల అంచుల్లో అతను గోటితో గీసిన గీతలు చూడవలసి వచ్చింది. చూసి ఆ పిల్ల అనుకుంటుంది కదా, ఈ మనిషి ఉత్త అనుకరణ కాదు కదా అని!

ఈ ఇద్దరిలో ఎవరిని క్షమించవచ్చునంటారు? చూడనివాడికి ఎప్పటికైనా కళ్లు తెరుచుకుంటాయేమోనన్న ఆశ ఉంటుంది. ఒనేగిన్‌కు తెరుచుకున్నాయి కూడా, కాకపోతే తత్యానా ఇంకొకరి భార్య అయ్యాక. అన్నీ తెలిసినవాడితోనే చిక్కు. తన తప్పు తానే ఒప్పుకుంటుంటే వినేవాళ్లకు జాలి కలుగుతుంది, ఒప్పుకున్నవాడికి బాకీ తీరిపోయినట్టు ఉంటుంది. వేరా అనే పాత ప్రియురాలు వెళ్లిపోయిందని తెలిసి, పెచోరిన్ గుర్రం ప్రాణం పోయేదాకా పరుగెత్తించి, నేలమీద పడి వెక్కి వెక్కి ఏడుస్తాడు. కాసేపటికి, ఇదంతా రాత్రి నిద్ర లేకపోవడం వల్ల, కడుపు ఖాళీగా ఉండడం వల్ల అని తేల్చేస్తాడు! తప్పు తెలుసుకోవడం వేరు, దిద్దుకోవడం వేరు. మొదటిది కుర్చీలో కూచుని కూడా చెయ్యొచ్చు.

పాపం వాళ్లను పూర్తిగా ఆడిపోసుకోవడం కూడా న్యాయం కాదు లెండి. 1825 డిసెంబరులో కొందరు యువ అధికారులు జారు మీద తిరగబడి ఓడిపోయారు. ఆ తరవాత నికొలస్ చక్రవర్తి కాలంలో బుద్ధిమంతుడికి చెయ్యడానికి పని గాని, చెప్పడానికి నోరు గాని లేకుండా పోయింది. ఈ కథలు రాసినవాళ్లే ఎంతకాలం బతికారు? పుష్కిన్ 37 ఏళ్లకు, 1837లో ద్వంద్వయుద్ధంలో పోయాడు. ఆ చావు మీద పద్యం రాసినందుకు కాకసస్‌కు పంపించిన లెర్మంతోవ్ 1841లో, 26 ఏళ్లకు, అదే విధంగా పోయాడు. ఇలాంటి నాయకులకు తరవాత 'అదనపు మనిషి' అని పేరు వచ్చింది. 1850లో తుర్గేనెవ్ రాసిన కథతో ఆ మాట స్థిరపడింది. మన సుమతీ శతకం చదివినవాళ్లం 'అక్కరకు రాని' మనిషి అంటే సరిపోతుంది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు, బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి వీళ్లకు దూరపు చుట్టాలే అనిపిస్తుంది నాకు.

నేనూ ఆ చుట్టరికం కలుపుకున్నాను. నాలుగేళ్ల కిందట నేను రాసిన నవలలో నాయకుడు మా బావే. పేరు మార్చాను, ఊరు మార్చాను, వరండాలో కుర్చీ మాత్రం మార్చలేదు. చాలామంది ఫోన్లు చేశారు. ఒకావిడ ఆ మనిషి ఎక్కడున్నాడో చెప్పమని బతిమాలింది. నాకు లోలోపల గర్వంగానే ఉండింది.

అసలు మనిషి ఎక్కడికీ పోలేదు. పెళ్లికి పనికిరానన్న బావ, నాకు పెళ్లయిన రెండేళ్లకు తానూ చేసుకున్నాడు. మేనత్త ఏడుపు వినలేక చేసుకున్నానన్నాడు. ఊళ్లో మిగిలిన భూమిలో ఆరెకరాలు పాత జీతగాళ్లకు రాసిచ్చాడు. నిజంగా మంచి పనే. మిగతాది అమ్ముకుంటూ తిన్నాడు. అదీ అయిపోయాక, ఇరవై ఏళ్లుగా ఇల్లు అక్క జీతం మీద నడుస్తోంది. బావ భార్య నాకు అక్క వరస. ప్రైవేటు బళ్లో సోషల్ చెబుతుంది.

పోయిన మాఘమాసంలో ఒక పెళ్లిలో అక్క నా పక్కన కూచుంది. విస్తరిలో లడ్డూ విరుస్తూ, "చెల్లె, నీ పుస్తకం చదివిన. మంచిగ రాసినవ్. ఒక్కటి అడుగుత, కోపం చేసుకోవు గద?" అంది.

"అడుగక్కా."

"ఆ మనిషి మూడొందల పేజీలు బాధపడ్డడు. అన్ని రోజులు ఆయనకు అన్నం ఎవరు వండిపెట్టిన్రు?"

అక్క గొంతులో నిష్ఠూరం లేదు. బళ్లో పిల్లవాడు వదిలేసిన ఖాళీ చూపించినట్టు అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ నవలలో పొయ్యి ముందు కూచున్న మనిషి అసలు లేదు. బావను ఏళ్ల తరబడి మోసిన మనిషిని ఒక్క కలంపోటుతో తీసేసి, ఆయన దుఃఖాన్ని మాత్రం ఉతికి, ఇస్త్రీ చేసి లోకానికి చూపించాను. నిజం చెప్పాలంటే, నాకు ఆయన వద్దన్నప్పుడు తప్పిపోయిన బతుకు అక్కకు వచ్చింది. ఆ సంగతి ఒప్పుకోవడం ఇష్టంలేకే తీసేశానేమో!

అందుకే ఆ పుస్తకాలు దొరికిన రోజు వంట కూడా మానేసి మళ్లీ చదివాను. ఈసారి నా కళ్లు వేరేచోట ఆగాయి. తత్యానా ఉత్తరం పంపి, గుండె దడదడలాడుతూ తోటలోకి పరుగెత్తే ఘట్టం ఉంది కదా, ఆ తోటలో బానిస పిల్లలు పళ్లు కోస్తుంటారు. కోస్తూ పాడాలని యజమానురాలి ఆజ్ఞ. ఎందుకో తెలుసా? నోరు పాటలో ఉంటే పళ్లు తినలేరని! ఉత్తరం రాసిన రాత్రి పక్కనున్న ముసలి దాసికి పదమూడేళ్లకే పెళ్లయింది. పెళ్లికొడుకు ఆమెకన్నా చిన్నవాడు. ప్రేమ అనే మాట తమ రోజుల్లో విననే లేదంటుంది. ఒనేగిన్ తన రైతుల మీద వెట్టి తీసేసి తేలికపాటి పన్ను పెడతాడు, చుట్టుపక్కల జమీందారులు గుర్రుమంటారు. అంతే, తరవాత అతనికి దానిమీదా ధ్యాస ఉండదు. విసుగు పడాలన్నా తీరిక ఉండాలి. ఆ తీరిక ఎవరో ఒకరు వంగి పనిచేస్తేనే వస్తుంది. రష్యాలో అర్థబానిసల విడుదల 1861లో గాని కాలేదు.

ఇవన్నీ పుష్కిన్ దాచలేదు. అడగకుండానే రాసి పెట్టాడు. లెర్మంతోవ్ కూడా పెచోరిన్ పక్కనే మక్సీం మక్సీమిచ్ అనే ముసలి కెప్టెన్‌ను నిలబెట్టాడు, ప్రేమగా కౌగిలించుకోబోయి చల్లటి కరచాలనం అందుకున్న మనిషిని. వాళ్లు తమ నాయకులకు లొంగిపోలేదు. లొంగిపోయింది నేను. బావ ఆ పుస్తకంలో నీతిబోధ పక్కన, విసుగు పక్కన పెన్సిలు గీతలు గీశాడు. పళ్లు కోసే పిల్లల దగ్గర ఒక్క గీతా లేదు. పందొమ్మిదేళ్లప్పుడు నేనూ గీయలేదు.

ఆ ఆదివారం రెండు పుస్తకాలూ సంచీలో వేసుకుని అక్క దగ్గరికి వెళ్లాను. బావ వరండాలో పేపరు చదువుతున్నాడు. "అవి ఇంకా ఉన్నాయా?" అన్నాడు, అంతకుమించి చెయ్యి చాపలేదు. జుట్టు తెల్లబడినా ఎటో చూసే ఆ చూపు మారలేదు. జాలేసింది. జాలి ఇంకా ఉంది, దాచడమెందుకు? ఎనిమిదేళ్లకు ఇల్లు, ఊరు, తండ్రి మీద గౌరవం మూడూ ఒకేసారి పోగొట్టుకున్న పిల్లవాడు ఆ కుర్చీలో ఇంకా ఉన్నాడు. అంతమాత్రాన లోపల రోలు దగ్గరున్న మనిషి మాయమైపోదు కదా!

అక్క డిక్షనరీ పక్కన పెట్టుకుని, బడి నుంచి వచ్చాక రోజుకు పది పేజీల చొప్పున చదివిందట. రెండు నెలలకు పుస్తకాలు తిరిగి పంపింది. ఉత్తరం లేదు, ఫోను లేదు. పేజీలు తిప్పాను. బావ గీసిన పాత గీతలు అలిగి వెలిసిపోయాయి. పళ్లు కోసే పిల్లల దగ్గర మాత్రం ఒక కొత్త గీత ఉంది. బళ్లో నోటు పుస్తకాలు దిద్దే ఎర్ర సిరాతో, నిటారుగా.